రేడియోకి ఓర్పు ఎంత?

బరంపురం తెలుగువాళ్ళలో నా ఈడు వారికి 927, 972 అనే రెండు అంకెలు ఇంకా గుర్తుండే ఉంటాయి. మొదటిది విశాఖపట్నం ఆకాశవాణి, రెండోది కటకం. రెండూ మీడియం వేవ్ మీదే. వాటి మధ్య ఎడం 45 కిలోహెర్ట్జులు. ట్రాన్సిస్టర్ డయల్ మీద అది ముల్లు ఒక వెంట్రుకవాసి కదిలేంత దూరం. తొంభైలలో కటకం ట్రాన్స్‌మిటరు శక్తి 300 కిలోవాట్లు, విశాఖది 100. పగలు రెండూ వేరువేరుగానే వినిపించేవి. పొద్దుగూకాక అసలు గొడవ మొదలయ్యేది. విశాఖ నాటకం రసపట్టులో ఉండగా వెనకనుంచి ఒడియా వార్తలు మొదలయ్యేవి. మా వీధిలో పెద్దలు కటకాన్ని తిట్టుకునేవారు. “మన మాట మనల్ని విననివ్వరు” అని ఒకాయన రోజూ అనేవాడు.

నేను కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. నా దగ్గర ఎలక్ట్రానిక్సు సామాను కొంత ఉండేది. ఒకరోజు రాత్రి డయల్‌ను పైకి జరిపి 1017 దగ్గర పెట్టాను. మద్రాసు రెండో కేంద్రం రావలసిన చోటు అది. అక్కడ కటకం, విశాఖ రెండూ కలగాపులగంగా వినిపించాయి. కిందికి జరిపి 882 దగ్గర పెడితే అక్కడా అదే తంతు. ఆ రెండు చోట్లా ఈ కేంద్రాలకు ట్రాన్స్‌మిటర్లు లేవు. కాగితం మీద లెక్క వేస్తే సంగతి తేలింది. 972ని రెండింతలు చేసి 927 తీసేస్తే 1017. 927ని రెండింతలు చేసి 972 తీసేస్తే 882. 1978 నుంచి మన దేశంలో మీడియం వేవ్ కేంద్రాలను తొమ్మిదేసి కిలోహెర్ట్జుల ఎడంతో కూర్చోబెట్టారు కనుక ఇలా పుట్టే దయ్యాలు సరిగ్గా ఇంకో కేంద్రం పీట మీదే వచ్చి కూర్చుంటాయి.

ఈ దయ్యాలు పుట్టేది ఎక్కడ? ఆకాశంలోనా, నా బల్ల మీది పెట్టెలోనా? దీన్ని తేల్చడానికి చవకైన పద్ధతి ఒకటుంది. బయటి ఏరియల్ తీగకూ సెట్టుకూ మధ్య మూడు రెసిస్టర్లతో చిన్న అడ్డుకట్ట వేసి, వచ్చే సిగ్నల్‌ను పది డెసిబెళ్ళు తగ్గించాలి. నిజంగా గాలిలో ఉన్న కేంద్రమైతే అదీ పదే తగ్గుతుంది. సెట్టు లోపల పుట్టిన దయ్యమైతే ముప్ఫై తగ్గుతుంది. నా అడ్డుకట్ట పెట్టగానే 1017 మీద ఆ కలగాపులగం మాయమై, అడుగున మద్రాసు నీరసంగా పైకి తేలింది. అంటే కటకం తన పీట మీద తాను కూర్చుని తన పని చేసుకుంటోంది, విశాఖా అంతే. రెండు గట్టి గొంతులు ఒకేసారి వచ్చేసరికి నా సెట్టు లోపలి మొదటి ట్రాన్సిస్టర్ తట్టుకోలేక లేని మాటలు కల్పిస్తోంది. ఏరియల్ పొడుగు పెంచితే బాగా వినిపిస్తుందని వీధంతా తీగలు కట్టిన రోజులవి. ఏరియల్ పెంచినకొద్దీ ఈ కల్పన పెరిగేది.

సిగ్నల్ తగ్గిస్తే బాగా వినిపిస్తుందంటే ఆ రోజుల్లో ఎవరూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మించడం కష్టమే.

ఇంత పాత సంగతి ఎత్తడానికి కారణం మార్కండి. బరంపురానికి దక్షిణాన, గోపాలపురం దాటాక సముద్రపు ఒడ్డున ఉన్న బెస్తపల్లె. ఇళ్ళలో తెలుగు, బడిలో ఒడియా. పడుచువాళ్ళలో చాలామంది ఏడాదిలో సగం రోజులు మద్రాసు, గుజరాత్ రేవుల్లో బోట్ల మీద ఉంటారు. పల్లెలో మిగిలేది ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు. తుపాను వచ్చినప్పుడు ఊళ్ళో ఉండేదీ వాళ్ళే.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. లక్షల మందిని ముందుగానే తరలించారు కనుక గాలి తీవ్రతతో పోల్చుకుంటే ప్రాణనష్టం తక్కువే. కాని ఆ తర్వాత బరంపురంలో మాకు కరెంటు లేదు, ఫోన్లు లేవు. నాకు హామ్ లైసెన్సు ఉంది. కారు బ్యాటరీకి తగిలించి నా సెట్టు వేశాను. ఏడు మెగాహెర్ట్జుల మీద ఎన్నడూ వినని నిశ్శబ్దం! ఊరంతా కరెంటు పోయేసరికి ఇన్వర్టర్లు, ఎల్‌ఈడీ దీపాలు, టీవీ పెట్టెలు అన్నీ నోరు మూసుకున్నాయి. మామూలు రోజుల్లో గుసగుసగా కూడా అందని స్టేషన్లు పక్కింట్లో మాట్లాడుతున్నట్టు వచ్చాయి. ఆ వారం రోజులూ నేను అందిన సమాచారం రాసుకుని తెలిసినవాళ్ళకి చేరవేశాను. కరెంటు వచ్చిందని ఊరంతా సంబరపడిన సాయంత్రం నా రేడియో మళ్ళీ పాత గరగరలోకి పోయింది.

2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మార్కండి కుర్రాడొకడు ఇంటి దగ్గరే ఉన్నాడు. గుజరాత్‌లో బోటు మీద వైర్‌లెస్ చూసే పని కొన్నాళ్ళు చేశాడు. అక్కడే ఎవరో వాడికి బొటనవేలంత పరికరం ఒకటి ఇచ్చారట. కంప్యూటర్‌లో టీవీ చూసేందుకు చేసిన వస్తువది. దానిలోని చిప్పు పేరు ఆర్‌టీఎల్ 2832యు. 2012 ప్రాంతంలో దాన్ని మామూలు రేడియోగా వాడుకోవచ్చని ఉత్సాహవంతులు కనిపెట్టారు. అప్పటినుంచి ప్రపంచమంతా పిల్లలు దాన్ని రేడియోగానే కొంటున్నారు. వాడు దాన్ని లాప్‌టాప్‌కి తగిలించి, డాబా మీంచి కొబ్బరిచెట్టుకి తీగ కట్టి, తుపాను కబుర్ల కోసం వెతికాడు. దగ్గరివి వచ్చాయి, దూరానివి రాలేదు. దగ్గరి గట్టి స్టేషన్ మాట్లాడుతున్నంతసేపూ తక్కినవన్నీ చచ్చిపోయేవి.

ఆ చలికాలంలో వాడు బరంపురం వచ్చి నన్ను పట్టుకున్నాడు. పల్లె పెద్దలు చందా వేసుకున్నారట. తుపానులో పనికొచ్చే రేడియో ఒకటి ఊరికి కొనాలి. 2018లోనే ఒడిశా తీరం పొడుగునా 122 చోట్ల సైరన్ స్తంభాలు పెట్టారు, మంచిదే. సైరన్ ‘పొండి’ అని చెబుతుంది. పోయినవాళ్ళు ఎక్కడున్నారో, ఇచ్ఛాపురం రోడ్డు తెరిచారో లేదో అది చెప్పదు. ఒక అమ్మకందారు వాళ్ళకి రంగుల కాగితం ఒకటి ఇచ్చాడు. దానిలో డైనమిక్ రేంజి 120 డెసిబెళ్ళు అని పెద్ద అక్షరాల్లో ఉంది. ధర చూస్తే చందా డబ్బంతా పోయి ఇంకా అప్పు చేయాలి.

“ఈ నూట ఇరవై అంటే ఏటండి మాస్టారూ? మనకెంత గావాలండి?” అన్నాడు.

ఈ రెండో ప్రశ్న నాకు నచ్చింది. రేడియో కొనేవాళ్ళు ఎప్పుడూ పెట్టెలో ఎంత ఉందో అడుగుతారు. తమ చోటుకి ఎంత కావాలో అడిగినవాణ్ణి నేను వాడినే చూశాను.

డెసిబెల్ అంటే బెదరనక్కర లేదు. పది డెసిబెళ్ళంటే పది రెట్లు. ఇరవై అంటే వంద రెట్లు. ముప్ఫై వెయ్యి. అలా పోతే తొంభై అంటే వంద కోట్ల రెట్లు. ఒక రిసీవరు తాను వినగలిగిన అతి చిన్న సిగ్నల్‌కీ, చెడిపోకుండా భరించగల అతి పెద్ద సిగ్నల్‌కీ మధ్య ఉన్న నిష్పత్తే దాని డైనమిక్ రేంజి. అమెరికాలో వెస్ హేవర్డ్ అనే ఇంజనీరు దీన్ని ఇంట్లో ఎలా కొలవాలో 1975లో క్యూఎస్‌టీ అనే హామ్ పత్రికలో రాశాడు. రెండేళ్ళు తిరిగాక రాబ్ షేర్‌వుడ్ ఇంకో సంగతి బయట పెట్టాడు. డ్రేక్ ఆర్‌4సీ అని అప్పట్లో పేరున్న రిసీవరు. పరీక్షలో రెండు సిగ్నళ్ళను 20 కిలోహెర్ట్జుల ఎడంగా పెడితే దానికి మంచి మార్కులు వచ్చేవి. పోటీల రోజుల్లో స్టేషన్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ కూర్చున్నప్పుడు మాత్రం చేతులెత్తేసేది. ఆయన ఎడాన్ని 2 కిలోహెర్ట్జులకు తగ్గించి కొలిచాడు, మార్కులు ఢమాలుమన్నాయి. ఇప్పటికీ ఆయన పట్టికలో సెట్ల వరస ఆ దగ్గరి కొలత ప్రకారమే. అమ్మకందారు కాగితం మీద ఎంత ఎడంతో కొలిచారో రాయకపోతే ఆ అంకెకి అర్థం లేదు. మా కుర్రాడు తెచ్చిన కాగితంలో రాయలేదు.

సాఫ్ట్‌వేర్ రేడియో వచ్చాక ఈ కొలత ఇంకాస్త చిక్కుపడింది. పాత సెట్టులో ఏ స్టేషన్ కావాలో ఎంచే పని తీగచుట్టలదీ, స్ఫటికాలదీ. కొత్తదానిలో ఏరియల్ మీది వోల్టేజిని క్షణానికి లక్షలసార్లు కొలిచి, ఆ అంకెలను కంప్యూటర్‌కి ఇస్తారు. ఎంపిక అంతా లెక్కల్లో జరుగుతుంది. ఆ కొలిచే ముక్కకి ఎన్ని మెట్లున్నాయన్నదే ప్రాణం. కుర్రాడి పరికరానిది ఎనిమిది బిట్ల కొలత, అంటే 256 మెట్లు. లెక్క ప్రకారం దాని ఓర్పు యాభై డెసిబెళ్ళు. అయితే వెడల్పైన ముక్కలోంచి మనిషి గొంతుకి కావలసిన రెండు మూడు కిలోహెర్ట్జుల సన్నటి పాయను తీసుకున్నప్పుడు రొద కూడా ఆ మేరకు తగ్గుతుంది. దాని వల్ల ఇంకో ముప్ఫై కలిసొస్తుంది. మొత్తం ఎనభై. కాగితం మీద.

గట్టి సిగ్నల్ తగిలితే పాత సెట్టు గొంతు మెల్లమెల్లగా బొంగురుపోతుంది, ముందే తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ రేడియో ఆఖరి మెట్టు దాకా ఏమీ ఎరగనట్టే ఉండి, ఆ పైన తల గోడకి కొట్టుకున్నట్టు ఒక్కసారిగా పడిపోతుంది. పడితే ఒక్క స్టేషన్ పోదు, అన్నీ పోతాయి. పది తగ్గిస్తే దయ్యం ముప్ఫై తగ్గుతుందన్న నా పాత సూత్రం వీటికి సరిగా వర్తించదు. అందుకే వీటి విషయంలో దయ్యాల లెక్కతో పాటు గోడ ఎక్కడుందో కూడా కొలవాలి.

2019 సంక్రాంతి వెళ్ళాక సరంజామా సర్దుకుని మార్కండి వెళ్ళాను. సరంజామా అంటే పెద్దదేమీ కాదు. బిస్కెట్ డబ్బాల్లో బిగించిన రెండు స్ఫటిక ఆసిలేటర్లు, రెండింటినీ ఒకదానిలోకి ఒకటి చొరబడకుండా కలిపే చిన్న పెట్టె, ఒక్కొక్క డెసిబెల్ చొప్పున సిగ్నల్ తగ్గించే మీటల పెట్టె, హైదరాబాదులో తయారైన ఆంట్యూనో అనే కొలత సాధనం. స్ఫటికాల ఆసిలేటరే ఎందుకంటే అది స్వచ్ఛంగా మోగుతుంది. చవక సిగ్నల్ జనరేటరుతో కొలిస్తే మనం కొలిచేది జనరేటరు రొదనే అవుతుంది. మీటల పెట్టె కారుతోందేమో కూడా చూసుకోవాలి. పది మీట నొక్కితే సరిగ్గా పది తగ్గాలి. అరవై దాటాక తగ్గడం మానేస్తే డబ్బా సందుల్లోంచి సిగ్నల్ తప్పించుకుంటోందన్నమాట. ఆ సందులు మూయడానికి కుర్రాడి తల్లి వంటింట్లోంచి అల్యూమినియం రేకు ఇచ్చింది.

వాళ్ళ మేనమామ ఇంటి డాబా మీద చాప వేసుకుని కూర్చున్నాం. ఆయనకి డెబ్బై దాటాయి. తెప్ప మీద వేటకెళ్ళిన తరం. నాలుగు అడుగుల అవతల కూర్చుని చిరిగిన వల కడుతూ అన్నీ గమనిస్తున్నాడు.

మొదట ఆ చోటుని కొలిచాం. ఏరియల్ తగిలించి, ఏ స్టేషనూ లేని చోట ఏడు మెగాహెర్ట్జుల మీద రొద ఎంతుందో చూశాం. ఒక మిల్లీవాటుని సున్నాగా పెట్టుకుని కిందికి లెక్కపెట్టే పద్ధతి ఉంది, దాన్ని డీబీఎం అంటారు. బరంపురంలో మా ఇంట్లో రొద మైనస్ 85. మార్కండిలో మైనస్ 103. పద్దెనిమిది డెసిబెళ్ళు నయం, అంటే అరవై మూడు రెట్లు. పల్లెలో దీపాలు తక్కువ, ఇన్వర్టర్లు ఇంకా తక్కువ. మిగిలింది ప్రకృతి రొదే, దాన్ని ఏ రిసీవరూ తగ్గించలేదు. మైనస్ 130 దాకా వింటానని ఏ పెట్టె చెప్పుకున్నా ఈ చోట మైనస్ 103 కిందికి వినేదేమీ ఉండదు.

ఇక పైమెట్టు. తుపాను రాత్రి గోపాలపురంలో హామ్ ఒకడు 100 వాట్లతో పిలుస్తున్నాడనుకోండి. పదిహేను కిలోమీటర్ల దూరం. నేల మింగేది లేకుండా లెక్క వేస్తే మార్కండి ఏరియల్ మీద అతను మైనస్ 25 దగ్గర ఉంటాడు. అదే సమయంలో శ్రీకాకుళం వైపునుంచో, ఇంకా దూరంనుంచో తడిసిన బ్యాటరీతో అయిదు వాట్లవాడు పిలుస్తూ ఉంటాడు. అతను రొదకి కాస్త పైన తేలుతుంటాడు. మైనస్ 103 నుంచి మైనస్ 25. తేడా 78. ‘మనకెంత గావాలండి’ అన్న ప్రశ్నకి ఇదీ జవాబు. నూట ఇరవై అక్కర లేదు. అలాగని అరవైతో పని జరగదు.

తర్వాత బొటనవేలంత పరికరాన్ని కొలిచాం. ఏరియల్ తీసేసి, ఆసిలేటరు తగిలించి, మీటలు నొక్కుకుంటూ పోయాం. గొంతు పాయ వెడల్పులో అది మైనస్ 112 దాకా విన్నది. పైన మైనస్ 40 దగ్గర గోడ తగిలింది. తేడా 72. కాగితం మీది ఎనభైలో ఎనిమిది ఎక్కడో పోయాయి. చిప్పులో అడుగు మెట్లు కొన్ని సొంత రొదలోనే మునిగిపోతాయి కనుక అది మామూలే. ఊరికి కావలసింది 78, దీనికి ఉన్నది 72. ఆరు తక్కువ.

బల్ల మీది కొలత అది. ఏరియల్ మళ్ళీ తగిలించి ఆసిలేటర్ని దానితో కలిపి చూస్తే ఇంకో పది పన్నెండు పోయాయి! కుర్రాడు బెంబేలెత్తాడు. కారణం మా పాత నేస్తాలే. పొట్టి తరంగాలు వినడానికి ఈ పరికరాన్ని వాడే పద్ధతిలో ముందు జల్లెడ ఏమీ ఉండదు. సున్నా నుంచి పద్నాలుగు మెగాహెర్ట్జుల దాకా గాలిలో ఉన్నదంతా ఒకేసారి ఆ 256 మెట్ల మీదికి ఎక్కుతుంది. మనం ఏడు మెగాహెర్ట్జుల మీద చెవి పెట్టామని దానికేం తెలుసు? మీడియం వేవ్ కేంద్రాల కిలోవాట్లన్నీ పై మెట్లు ఆక్రమించేస్తే మనవాడికి అడుగు మెట్లే మిగులుతాయి. ఉప్పునీటి మీద మీడియం వేవ్ నేల మీదకంటే చాలా తేలిగ్గా ప్రయాణిస్తుంది. ఒడ్డున ఉన్న పల్లెలో ఈ తాకిడి ఇంకా ఎక్కువ.

నా సంచిలో తీగచుట్టలతో చేసిన జల్లెడ ఒకటుంది. ఏడు మెగాహెర్ట్జుల చుట్టుపట్ల ఉన్నదాన్ని వదిలి తక్కినదాన్ని ఆపుతుంది. అది మధ్యలో పెట్టగానే పోయిన పదీ తిరిగొచ్చాయి. దాని ఖర్చు రెండు కాఫీల పాటి.

మధ్యలో ఒక వింత జరిగింది. జల్లెడ ఉండగానే ఒకచోట రెండు స్టేషన్ల గొంతులు కలిసిపోయి వినిపించాయి. పది మీట నొక్కాను. దయ్యం పదే తగ్గింది, ముప్ఫై తగ్గలేదు. గోడకీ తగల్లేదు. సరే, అదే సిగ్నల్‌ను నా పాత సెట్టులో విన్నాం. అక్కడా పదే తగ్గింది. రెండు వేర్వేరు పెట్టెలు ఒకే మాట చెబితే ఆ దయ్యం బయటిదే. డాబా పక్కన గుడ్డలు ఆరేసుకునే ఇనుపతీగ ఉంది, ఉప్పుగాలికి దాని ముడులు తుప్పు పట్టాయి. తుప్పు పట్టిన ముడి పాతకాలపు డయోడ్ లాంటిది. వచ్చిన సిగ్నళ్ళను కలిపి కొత్తవి పుట్టించి గాలిలోకి వదులుతుంది. మేనమామ లేచి వెళ్ళి ఆ తీగని విప్పి కింద పడేశాడు. దయ్యం పోయింది. ఆవిడ గుడ్డలు ఎక్కడ ఆరేసుకోవాలని లోపలినుంచి కేకలు వినిపించాయి. ఆ తీగ స్థానంలో నైలాన్ తాడు కట్టాం.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక కుర్రాడి నోటుపుస్తకం చూశాను. కొలతలన్నీ శ్రద్ధగా గళ్ళు గీసి రాసుకున్నాడు. అక్షరాలు ఒడియావి, మాటలు తెలుగువి. ‘పల్చగా వినిపించింది’, ‘గోడ తగిలింది’, ‘మామ తీగ’ అన్నీ ఒడియా లిపిలో. వాడికి తెలుగు చదవడం రాదు, ఊళ్ళో నేర్పే బడి లేదు. నేను ఒడియా చదవగలను కనుక సరిపోయింది. హామ్ పరీక్షకి వాడు చదువుతున్న పుస్తకం ఇంగ్లీషుది. ఒక్క పిల్లవాడి సంచిలో మూడు భాషలు. ఏ ఒక్కదానితోనూ పని పూర్తిగా గడవదు.

డైనమిక్ రేంజిని తెలుగులో ఏమనాలని వాడు అడిగాడు. గతిక వ్యాప్తి అనవచ్చు, పారిభాషిక పదాల వాళ్ళు అలాగే అంటారు. ఆ మాట విని వాడు నా మొహం చూశాడు. ఇందాకటినుంచి వల కడుతున్న మేనమామ అప్పుడు నోరు విప్పాడు.

“దీనికి సెవుంది గాని ఓర్పు నేదు బాబూ. గట్టిగా అరిసినోడి ముందర చిన్నోడి మాట ఇనాలంటే ఓర్పుండాల.”

ఆ మాటని నోటుపుస్తకంలో గడి మీద శీర్షికగా రాయించాను. ‘చెవి’ అంటే ఎంత చిన్నది వినగలదో అది. ‘ఓర్పు’ అంటే పెద్దది పక్కనుండగా చిన్నది ఎంతవరకు వినగలదో అది. నేను పై వాక్యాల్లో వాడిన ఓర్పు ఆయన దగ్గర తీసుకున్నదే.

ఇక నా పాత సెట్టు. హైదరాబాదు వాసి అష్హర్ ఫర్హాన్ ఈ శతాబ్దం తొలి ఏళ్ళలో బిట్‌ఎక్స్ అనే చిన్న ట్రాన్స్‌రిసీవరుని రూపొందించి, దాని పటాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. ఏ ఊరి కొట్లోనైనా దొరికే సామానుతో కట్టుకునేలా గీసిన పటమది. ప్రపంచమంతా హామ్‌లు దాన్ని కట్టుకున్నారు. తర్వాత అమర్చిన బోర్డులుగా వచ్చినప్పుడు వాటిని కూర్చినది హైదరాబాదులోని ఆడవాళ్ళ సహకార బృందం. నాది ఆ పటం చూసి బరంపురంలో నేనే కట్టుకున్నది. దాన్నీ అదే డాబా మీద కొలిచాం. 20 కిలోహెర్ట్జుల ఎడంతో రెండు సిగ్నళ్ళు పెడితే ఓర్పు 85 వచ్చింది. చెవి మైనస్ 123 దాకా. ఆ చోటి రొద కంటే ఇరవై ఎక్కువ పదును అది, మార్కండికి అనవసరం. కనుక ముందర పది డెసిబెళ్ళ అడ్డుకట్ట పెట్టేశాం. వినేదానిలో ఏమీ పోలేదు. గోడ మాత్రం పది దూరం జరిగింది.

కుర్రాడి పరికరానికి పదిహేను అడ్డుకట్ట పెడితే గోపాలపురం గొంతు గోడకి తగలదు. అప్పుడు ఆ చోటి రొద దాని చెవి కిందికి ఆరు దిగిపోతుంది. అంటే తడిసిన బ్యాటరీవాళ్ళలో మరీ నీరసంగా ఉన్నవాళ్ళు పోతారు. పెద్దల ముందు ఈ సంగతే చెప్పాను. ఒకాయన “ఆరంటే ఎంతమంది?” అని అడిగాడు. ఆరు డెసిబెళ్ళంటే మనుషుల్లో ఎంతమందో చెప్పే పట్టిక ఏ పుస్తకంలోనూ లేదు. అయిదు వాట్లవాడు వినిపించాలంటే ఇరవై వాట్లు పెట్టుకోవలసి వస్తుందని చెప్పాను. తుపానులో అన్ని వాట్లు ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఆయన తల పంకించాడు.

అమ్మకందారు కాగితం మడిచి పక్కన పెట్టేశారు. రోజూ వినడానికి, నేర్చుకోవడానికి జల్లెడతో సహా చిన్న పరికరం ఉంటుంది. తుపాను రోజులకి నా పాత సెట్టు అక్కడే వదిలి వచ్చాను. లైసెన్సు వచ్చేదాకా అది విననే వినాలి, మాట్లాడకూడదు. అందుకని దాని మాట్లాడే భాగానికి కరెంటు తీగ కోసేశాను. చందా డబ్బులో చాలా భాగం బ్యాటరీకీ, దాన్ని ఎండతో నింపే పలకకీ పోయింది. 2022 ప్రాంతంలో ఫర్హాన్ ఎస్‌బిట్‌ఎక్స్ అని సాఫ్ట్‌వేర్ రేడియో తెచ్చాడు. దానిలో స్ఫటికాల జల్లెడ ముందుంటుంది, 25 కిలోహెర్ట్జుల వెడల్పులో ఉన్నదాన్ని మాత్రమే లోపలికి రానిస్తుంది, ఆ తర్వాతే అంకెల్లోకి మార్చడం. పాత పద్ధతి, కొత్త పద్ధతి రెండూ ఒకే పెట్టెలో. మీడియం వేవ్ కిలోవాట్లు దాని మెట్ల దాకా చేరనే చేరవు. మార్కండి చోటుకి అతికినట్టుండే ఆలోచన. కుర్రాడు దాని కోసం కూడబెడుతున్నాడు.

వాడు పరీక్ష ప్యాసయ్యాడు. ఏడాదికోసారి నేనూ నా డబ్బాలూ వెళ్ళి కొలతలు తిరిగి తీస్తున్నాం, ఎందుకంటే ఉప్పుగాలి అన్నిటినీ తినేస్తుంది. మొన్న వెళ్ళినప్పుడు జల్లెడ నాలుగు డెసిబెళ్ళు మింగుతోంది, ఉండవలసింది ఒకటి. విప్పి చూస్తే తీగచుట్ట అతుకు దగ్గర పచ్చగా చిలుము పట్టింది. గీకి, మళ్ళీ అతికి, పైన వార్నిష్ పూసి ఎండబెట్టాం. ఏరియల్ దించే తీగ కూడా మార్చాలి. అది బరంపురంలో దొరకలేదు, విశాఖనుంచి తెప్పిస్తున్నాను.